16 ఈ1 పోర్టుల పాత గేట్‌వే చవగ్గా వస్తా ఉంది, కొనొచ్చా?

కావలి కేబులాయన:

అన్నలందరికీ నమస్తే. మాది కావలి. ముందు కేబుల్ టీవీ, ఇప్పుడు ఫైబర్ నెట్ కూడా, అంతా కలిపి 2800 కనెక్షన్ల దాకా ఉన్నాయి, ఒక ఐఎస్పీ కింద ఫ్రాంచైజీ. ఈమధ్య ఏ కొట్టుకి పోయినా ఒకటే మాట, నెట్ ఇస్తున్నావు గదా ఫోన్ కూడా ఇయ్యరాదా అని. రైస్ మిల్లులోళ్ళు, రెండు లాడ్జీలు, తుమ్మలపెంట దారిలో రొయ్య పిల్లల హ్యాచరీ ఆయన, అందరూ అడిగేవాళ్ళే. సెల్ ఉండగా ల్యాండ్‌లైన్ ఎందుకయ్యా అంటే 08626 నంబరు బోర్డు మీద ఉంటే ఆ పరువే వేరంట.

విషయం ఏందంటే చెన్నై రిచీ స్ట్రీట్‌లో తెలిసిన బ్రోకర్ ఒకాయన ఫోన్ చేశాడు. యాడో పెద్ద ఆఫీసులో తీసేసిన గేట్‌వే అంట, రెండు యూ (ర్యాక్‌లో రెండు అరల) మందం, 16 ఈ1 పోర్టులు, అంటే పాత టెలిఫోన్ లైన్లు గుచ్చే చోట్లంట, ఒకేసారి 480 కాల్స్ పోతాయి, వాయిస్ డేటా రెండూ ఇదే చూసుకుంటది, సర్వీస్ ప్రొవైడర్ల కోసమే చేసిన సరుకు అని ఊదరగొడతా ఉన్నాడు. 85 వేలు చెప్పాడు, 60కి దిగుతాడు నాకు తెలుసు. ఆదివారం పినాకిని ఎక్కి పొయ్యి చూసొద్దామనుకుంటుండా. ఇంతకీ 480 కాల్స్ 2800 మందికి చాలతాయా? కొనుక్కొచ్చి కంట్రోల్ రూమ్‌లో పెట్టి మా ఓఎల్టీకి (ఇళ్ళకి ఫైబర్ పంచే డబ్బాకి) కలిపేస్తే ఫోన్లు మోగుతాయా, ఇంకేమన్నా కావాలా? డేటా కూడా అంటున్నాడు, నెట్ ఎట్లాగూ ఫైబర్ మీద పోతా ఉంది, మరి అదేం డేటా? తెలిసినోళ్ళు చెప్పండి, తిట్టినా పర్లేదు.

బుచ్చి టు బెంగళూరు:

అన్నా తిట్టను గానీ పినాకిని టికెట్ మాత్రం బుక్ చేయబాక ఇప్పుడే.

నేను వాయిప్ (నెట్ మీద ఫోన్) లైన్లో పన్నెండేళ్ళుగా ఉన్నా, మాది బుచ్చిరెడ్డిపాళెం. ముందు ఆ డబ్బా ఏం చేస్తదో చెప్తా. ఒక పక్క పాత టెలిఫోన్ లోకం, అంటే ఈ1 లైన్లు. ఒక్కో ఈ1 లో 32 టైమ్‌స్లాట్లు, ఒక్కోటి 64 కేబీపీఎస్, మొత్తం 2.048 ఎంబీపీఎస్. అందులో సున్నా నంబరుది సింక్‌కి, 16వది సిగ్నలింగ్‌కి పోతే 30 మాటలకి మిగుల్తాయి. 16 ఈ1లు ఇంటూ 30, మీ బ్రోకర్ చెప్పిన 480 అదే, అబద్ధం ఏం కాదు. ఇంకో పక్క ఐపీ లోకం, అంటే ఇంటర్నెట్ పద్ధతి. ఈ పక్క మాటని తీసుకుని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ప్యాకెట్లలో పెట్టి ఆ పక్కకి తోస్తది, అటు నుంచి వచ్చినవి మళ్ళీ టైమ్‌స్లాట్లలో సర్దుతది. అంతే గేట్‌వే అంటే. నంబర్లు ఇవ్వదు, బిల్లు వెయ్యదు, ఎవరి కాల్ ఎవరికి పోవాలో పెద్దగా ఆలోచించదు. ఆ తెలివి సాఫ్ట్‌స్విచ్‌ది.

కాబట్టి నేను తిరిగి నిన్నే అడుగుతా, ఆ 16 ఈ1 పోర్టుల్లో నువ్వు ఏ వైరు గుచ్చుతావు అన్నా? అవతల నీకు ఈ1 ఇచ్చేది ఎవరు? నీ ఓఎల్టీ ఆల్రెడీ ఐపీ, నీ కస్టమర్ ఇంట్లో ఓఎన్టీ (ఫైబర్ బాక్స్) ఐపీ, నీ పైన ఐఎస్పీ ఐపీ. రెండు పక్కలా ఐపీ ఉన్నప్పుడు మధ్యలో తర్జుమా చేసేవాడెందుకు?

ఇంకోటి, పోర్టులు ఉన్నంత మాత్రాన కాల్స్ పోవు. లోపల డీఎస్పీ కార్డులు ఉండాలి, మాటని కోసేది అవే. సెకండ్‌హ్యాండ్ సరుకులో ముందు మాయమయ్యేవి కూడా అవే, ఎందుకంటే విడిగా అమ్ముకుంటే డబ్బులొస్తాయి. పైగా 480 అన్నది మాటని నొక్కకుండా పంపే జీ.711కి చెప్పే లెక్క అయ్యుంటది. మాటని నొక్కి చిన్నది చేసే జీ.729 పెట్టావనుకో, డీఎస్పీకి పని పెరిగి చాలా డబ్బాల్లో సంఖ్య తగ్గిపోద్ది. రెండు యూ, 16 ఈ1 అంటే సిస్కో ఏఎస్5400 లాంటిది అయ్యుండొచ్చు. దాని తమ్ముడు 5350 ఒక యూ మందం, వాళ్ళ పెద్దన్న 5850 అయితే ఏకంగా పెద్ద ఛాసిస్. వాటి కాలంలో అవి రాజాలే, ఇప్పుడు అమ్మకం ఆపేసి చాలా ఏళ్ళయింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావు. పబ్లిక్ ఐపీ మీద పెట్టావంటే వారం తిరక్కుండా ఎవడో ఒకడు లోపలికి దూరుతాడు.

బ్యాండ్‌విడ్త్ మాత్రం భయపడే విషయమే కాదు. జీ.711 కాల్ 64 కేబీపీఎస్ అంటారు గానీ ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట మీద 40 బైట్ల హెడర్లు ఎక్కి, పైన ఈథర్‌నెట్ కూడా కలిసి 87 కేబీపీఎస్ దాకా అయిద్ది. జీ.729 చూడు, మాట 20 బైట్లే, హెడర్లు 40, పెళ్ళికూతురి కంటే నగలు బరువు. అయినా 120 కాల్స్ జీ.711లో నడిపినా పదిన్నర ఎంబీపీఎస్ దాటదు, నువ్వు ఒక్క ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్ముతున్నావు. చూసుకోవాల్సింది ప్యాకెట్ల సంఖ్య, కాల్‌కి సెకనుకి 50 ఒక పక్కకే. రౌటర్ నాసిరకంది అయితే అక్కడ గొంతు తెగిపోతా ఉంటది.

వైరల్ విజయ్ నెల్లూరు:

ఎందుకన్నా ఇంత లెక్కలు, ఒక సిమ్ బాక్స్ (నెట్ మీద వచ్చిన కాల్స్‌ని సిమ్‌ల మీదుగా లోకల్ కాల్స్‌గా దింపేది) పెట్టు, 32 సిమ్‌లు వెయ్యి, ఫారిన్ కాల్స్ దింపు, నెలకి లక్షలు. మా ఫ్రెండ్ వాళ్ళ ఫ్రెండ్ చేశాడు

ఒంగోలు రిటైర్డ్ జేటీఓ:

ఆ ఫ్రెండ్ ఇప్పుడు యాడున్నాడో కూడా చెప్పు నాయనా. 2023 టెలికం చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికం నెట్‌వర్క్ పెడితే మూడేళ్ళ దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. కావలబ్బాయ్, ఆ మాట చదివి మర్చిపో.

నీ ప్రశ్నకి వస్తా. నేను ముప్పై మూడేళ్ళు ఎక్స్ఛేంజిల్లోనే బతికినోణ్ణి. 128 పోర్టుల సీడాట్ ర్యాక్స్ (చిన్న ఎక్స్ఛేంజిలు) పల్లెల్లో పెట్టిన రోజుల నుంచి చూశా. బుచ్చి కుర్రాడు చెప్పింది నిజమే గానీ అసలు లెక్క వదిలేశాడు. 480 కాల్స్ 2800 మందికి చాలతాయా అని అడిగావు చూడు, ఆ ప్రశ్నకి డెన్మార్క్ ఆయన ఎర్లాంగ్ అని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో కూర్చుని 1917లోనే సూత్రం రాసిపెట్టాడు. పోర్టులు లెక్కపెట్టబాక, రద్దీ గంట లెక్కపెట్టు. పొద్దున పది నుంచి పదకొండు అనుకో, ఆ గంటలో ఒక్కో ఫోన్ సగటున రెండు నిమిషాలు మాట్లాడింది అనుకుందాం. 2800 ఫోన్లు, 5600 నిమిషాలు, అరవైతో భాగిస్తే 93 ఎర్లాంగ్‌లు. అంటే ఆ గంటలో సగటున ఒకేసారి నడిచే కాల్స్ అన్నమాట. పైన కొంచెం వేసుకుని 100 అనుకో. వంద కాల్స్‌లో ఒకటి మాత్రమే లైన్ దొరక్క వెనక్కి రావాలంటే 117 ఛానళ్ళు కావాలి. అంటే నాలుగు ఈ1లు, 120. నీ ఊరు మొత్తానికి నాలుగు చాలు, పన్నెండు పోర్టులు దుమ్ము పట్టడానికే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ నాలుగు ఈ1లని ఒకే గుంపుగా పెడితే 103 ఎర్లాంగ్‌లు మోస్తాయి, అదే నలుగురికి ఒక్కొక్కటి విడదీసి ఇచ్చావంటే ఒక్కోటి 20కి కాస్త పైన, నాలుగూ కలిపి 81. వైర్లు అవే, మోసే బరువు మాత్రం తగ్గింది. అందుకే పెద్ద ఎక్స్ఛేంజిల్లో ఎస్‌టీఎం-1 తెచ్చుకునేవాళ్ళం, 155.52 ఎంబీపీఎస్, ఒక జత ఫైబర్ మీద 63 ఈ1లు, 1890 మంది ఒకేసారి మాట్లాడొచ్చు. అంత మంది ఒకేసారి మాట్లాడింది నేను చూసింది తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు, పరీక్ష ఫలితాల రోజు, అంతే.

డేటా సంగతి అడిగావు గదా, నవ్వొచ్చింది. అది ఇప్పటి నీ డేటా కాదు అబ్బాయ్, మోడెమ్ డేటా. 1995 ఆగస్టు 15న సర్కారు కంపెనీ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టింది, 1998 నవంబర్‌లో ప్రైవేటోళ్ళకి తలుపులు తీశారు, అప్పుడు కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో కుయ్‌య్ కీచ్ కీచ్ అని ఆ శబ్దం. ఆ కాల్ ఎత్తేది ఇట్లాంటి గేట్‌వేనే. దీని గొప్ప ఏందంటే ఒకే పోర్టు పగలు ఆఫీసు మాట మోస్తది, రాత్రి ఇళ్ళ నుంచి మోడెమ్ కాల్ వస్తే అదే డీఎస్పీ మోడెమ్‌గా మారిపోతది, ఫ్యాక్స్ వస్తే ఫ్యాక్స్ అయితది. యూనివర్సల్ పోర్ట్ అనేవాళ్ళు. 56కే వేగం కూడా ఈ1 పుణ్యమే. ఐఎస్పీ వైపు లైను మొదటి నుంచీ డిజిటల్ కాబట్టి కిందకి 56కే వచ్చేది, పైకి మాత్రం ఇంటి వైరు అనలాగ్ గదా, 33.6 దగ్గరే ఆగేది. ఒక ఈ1 కి ముప్పై మందే. రాత్రి ఎనిమిదికి బిజీ టోన్ వస్తే జనం మా ఇంటికే ఫోన్ చేసి తిట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ డేటాతో నీకేం పని?

కావలి కేబులాయన:

సార్ నమస్కారం, మీరు చెప్తుంటే మా నాన్న ఎస్టీడీ బూత్ రోజులు గుర్తొచ్చాయి. అర్థమైంది, పోర్టులు నాకు దండగ. కానీ ఒకటి అర్థం కాలా. ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లో 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇచ్చింది గదా, నేనే రెండు వందల ఇళ్ళకి పెట్టా. ఆ బాక్స్ వెనకాల ఫోన్ జాక్ ఉండేది, మామూలు ఫోన్ గుచ్చితే మోగేది. అప్పుడు నా కంట్రోల్ రూమ్‌లో ఏ గేట్‌వే లేదు. మరి అదెట్లా?

బుచ్చి టు బెంగళూరు:

ఆ జాకే గేట్‌వే అన్నా. గేట్‌వే పని ఇంటింటికీ పంచేశారు. పాత ఫోన్ కరెంటు మాటని ఓఎన్టీ లోపలి చిప్పే ప్యాకెట్లుగా కోస్తది, అందులోనే ఎస్ఐపీ (నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) క్లయింట్ ఉంటది, నంబరూ పాస్‌వర్డూ దానికే ఎక్కిస్తారు. అది ఓఎల్టీ మీదుగా మాటకి వేరే దారిలా పెట్టిన విడి వీల్యాన్‌లో పొయ్యి ఆపరేటర్ గడప దగ్గర ఎస్‌బీసీని తట్టిద్ది. ఎస్‌బీసీ అంటే వాకిట్లో వాచ్‌మన్ అనుకో, ఎవడు వస్తున్నాడు, ఎన్ని కాల్స్ ఒకేసారి చేస్తున్నాడు, లోపలి అడ్రసులు బయటకి కనపడకుండా అన్నీ చూసుకునేది. ఆ లోపల సాఫ్ట్‌స్విచ్చో దాని కొత్త రకం ఐఎంఎస్సో ఉంటది. ఈ1 అన్నది వాళ్ళు ఇంకో పాత ఎక్స్ఛేంజికి కలిసే చోట మాత్రమే, అదీ ఇప్పుడు ఐపీకి మారిపోతా ఉంది. నువ్వు వెతికే హై కెపాసిటీ గేట్‌వే యాడో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో వాళ్ళ రాక్‌లో కూర్చుని ఉంటది, నీ దగ్గర ఉండాల్సిన పని లేదు.

ఇంక అసలైనది, లైసెన్స్. నువ్వున్నది ఐఎస్పీ ఫ్రాంచైజీ. ఐఎస్పీ లైసెన్స్ ఒక్కదాంతో 08626 నంబర్లు పంచి మామూలు ఫోన్ నెట్‌వర్క్‌కి కాల్స్ కలపడం కుదరదు, దానికి యాక్సెస్ సర్వీస్ అనుమతి ఉన్నోడే కావాలి. నంబర్లు వాళ్ళవి, ఇంటర్‌కనెక్ట్ వాళ్ళది, కాల్ రికార్డులు రెండేళ్ళు దాచిపెట్టే బాధ్యతా వాళ్ళది. నువ్వు వాళ్ళకి పార్ట్‌నర్‌గా చేరి లైను నీది, వాయిస్ వాళ్ళది అన్నట్టు పెట్టుకో. లోకల్ కేబులోళ్ళు బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కి చేసేది అదే.

పొగతోట ఐటీ:

నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రికి ఐటీ చూస్తా, పేరు వద్దు. ఈ పెద్ద లెక్కల మధ్య నాదొక చిన్న గోడు. మాకు ఒకే ఒక పీఆర్ఐ, అంటే ఆపరేటర్ ఇచ్చిన ఒక ఈ1 లైను, 30 ఛానళ్ళు, దాన్ని చిన్న గేట్‌వేకి గుచ్చి ఐపీ పీబీఎక్స్ (నెట్ మీద నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజి) మీద అపాయింట్‌మెంట్ లైను నడుపుతున్నాం. ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీదే, ఉచితంది. కావలన్నా, నీ లాడ్జీలకీ మిల్లులకీ పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లని కలిపే ఎక్స్ఛేంజి) ఉంటే నీకు కావాల్సింది ఇట్లాంటి సింగిల్ ఈ1 గేట్‌వేనే, 16ది కాదు.

ఇక్కడ నేను తిన్న దెబ్బలు రాస్తా, నీకు పనికొస్తాయి. మొదట్లో కన్సల్టెంట్ ఒకాయన వచ్చి బ్యాండ్‌విడ్త్ ఆదా అని జీ.729 పెట్టి పోయాడు. గూడూరు నుంచి, ఆత్మకూరు నుంచి పేషెంట్లు ఫోన్ చేస్తారు, కార్డియాలజీకి ఒకటి నొక్కండి అంటది, నొక్కుతారు, ఏం కాదు. మళ్ళీ నొక్కుతారు, ఏం కాదు. పాపం ముసలాయన ఒకాయన పొద్దున్నే బస్సెక్కి వచ్చి నేను ఒకటి పదిసార్లు నొక్కానయ్యా అని ఏడ్చినంత పని చేశాడు. తీరా చూస్తే కంప్రెస్ చేసే కోడెక్, అంటే ఈ జీ.729 లాంటిది, మనిషి గొంతుకి కుట్టిన చొక్కా, బటన్ టోన్ దాంట్లో పెడితే నలిగి వంకర పోయి అవతల దానికి గుర్తుపట్టరాదు. ఆర్ఎఫ్‌సీ 2833 అని ఒక సెట్టింగ్ ఉంది, టోన్‌ని మాటలో కలపకుండా విడి ప్యాకెట్‌గా పంపిద్ది, అది రెండు పక్కలా ఆన్ చెయ్యంగానే సరిపోయింది.

రెండోది ఇంకా ఘోరం. ఎస్ఐపీ కాల్స్ వచ్చే 5060 పోర్టు బయటకి తెరిచి పెట్టి, ఒక ఎక్స్‌టెన్షన్‌కి నంబరూ పాస్‌వర్డూ ఒకటే ఉంచారు. ఒక శనివారం రాత్రి ఎవడో దూరి సోమవారం పొద్దున దాకా నేనెప్పుడూ పేరు వినని దేశాలకి కాల్స్ కొట్టాడు. బిల్లు చూసి మా ఎండీ గారు నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలా. ఆ రోజు నుంచి ఐఎస్డీ లాక్, పాస్‌వర్డులు పొడుగ్గా, బయట ఐపీలకి ఫైర్‌వాల్. నువ్వు ఒక్క ఆసుపత్రి కాదు 2800 ఇళ్ళు, ఎస్‌బీసీ లేకుండా దిగబాక. ఒక పక్కే మాట వినపడతా ఉంది అని కంప్లైంట్ వస్తే ముందు రౌటర్‌లో ఎస్ఐపీ ఏఎల్‌జీ అన్నది (దారిలో ఎస్ఐపీ ప్యాకెట్ల అడ్రసులు మార్చే సెట్టింగ్) ఆపెయ్యి, పదిలో ఏడుసార్లు అదే.

మూడోది ఇంకా తేలలేదు, పెద్దాయన ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. సార్, పాత ఫ్యాక్స్ మిషన్ ఒకటి ఇంకా ఉంది, ఎందుకుందో నన్నడక్కండి. పేజీ సగం పొయ్యి ఆగిపోతది. ఐపీ మీద ఫ్యాక్స్ పంపే టీ.38 ఆన్ చేశా, కాదు. జీ.711 మీద పంపా, కాదు. మాటలు మాత్రం బాగానే ఉన్నాయి, అప్పుడప్పుడూ టిక్ అని చిన్న శబ్దం, అంతే.

ఒంగోలు రిటైర్డ్ జేటీఓ:

ఆ టిక్ అన్నావు చూడు, అక్కడే ఉంది దొంగ. గేట్‌వేలో ఈ1 క్లాక్ సెట్టింగ్ ఏముందో చూడు. ఇంటర్నల్ అని ఉంటే నీ డబ్బా తన గడియారం తను చూసుకుంటా ఉంది, అవతల ఎక్స్ఛేంజి తన గడియారం తను చూసుకుంటా ఉంది. ఒక కాపురంలో రెండు పంచాంగాలు. ఈ1 కి మిలియన్‌కి 50 తేడా దాకా ఒప్పుకుంటారు, అంత తేడా ఉంటే రెండున్నర సెకన్లకి ఒకసారి ఒక ఫ్రేమ్ జారిపోతది, స్లిప్ అంటారు. మాటలో ఒక ఫ్రేమ్ పోతే చెవికి టిక్, అంతే, మనిషి బుర్ర పూడ్చుకుంటది. ఫ్యాక్స్‌కి ఆ ఓపిక లేదు. లైన్ నుంచి క్లాక్ తీసుకో అని పెట్టు. ఎక్స్ఛేంజి ఎప్పుడూ మాస్టర్, కస్టమర్ ఎప్పుడూ స్లేవ్, ఈ సంగతి మర్చిపోయి ట్రాన్స్‌మిషన్ వాళ్ళ మీద పడి అరిచిన కుర్రాళ్ళని నేను చాలామందిని చూశా. కౌంటర్‌లో స్లిప్స్ పెరుగుతున్నాయా లేదా అని చూస్తే తెలిసిపోద్ది. కేబుల్ కూడా చూడు, మన దగ్గర 75 ఓమ్స్ కోయాక్స్ వచ్చిద్ది, గేట్‌వే 120 ఓమ్స్ ఆర్‌జే45 అడుగుద్ది, మధ్యలో బాలన్ (రెండిటినీ కలిపే అడాప్టర్) పెట్టారా లేక ఎవడన్నా తెలివైనోడు పిన్నులు మెలేసి ఇచ్చాడా.

ఎకో గురించి ఎవరూ అడగలేదు గానీ కావలబ్బాయికి తప్పకుండా వస్తది కాబట్టి చెప్తా. ఫోన్ వైరు రెండు, లోపల నడిచేది నాలుగు, ఆ కలిసే చోట మన గొంతు కొంచెం వెనక్కి వస్తది. పాత రోజుల్లోనూ వచ్చేది. ఆలస్యం లేదు కాబట్టి మన మాటలోనే కలిసిపోయి తెలిసేది కాదు. ఐపీలో ముక్కలు కొయ్యడానికి, దారిలో, అవతల ప్యాకెట్లని సర్దే జిట్టర్ బఫర్‌లో ఆగి ఆగి పోతది, ఒక పక్కకి 150 మిల్లీసెకన్లు దాటిందంటే చిరాకు. అప్పుడు ఆ వెనక్కొచ్చే గొంతు బావిలోంచి వచ్చినట్టు వినపడిద్ది. ఎకో క్యాన్సిలర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే జనం నెట్ స్లో అని నిన్ను తిడతారు.

ఇంకా పాత డబ్బా మీద ఆశ చావకపోతే ఒకటి ఆలోచించు. అది మైనస్ 48 వోల్ట్స్‌ది అయితే 24 సెల్స్ బ్యాటరీ బ్యాంకు కావాలి, ఏసీ గది కావాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ మన వైపు, మీకు సముద్రపు ఉప్పుగాలి అదనం.

కావలి కేబులాయన:

సార్, బుచ్చన్నా, పొగతోటన్నా, మీకు దండం. బ్రోకర్‌కి ఫోన్ చేసి డీఎస్పీ కార్డులు ఎన్ని ఉన్నాయి అని అడిగా. రెండు నిమిషాలు మాట్లాడలా. తర్వాత, అవి కావాలంటే విడిగా తెప్పిస్తా, రేటు వేరే అన్నాడు. ఎనిమిది ఈ1లు ఒకే కనెక్టర్‌లో వచ్చి తోకలు తోకలుగా విడిపోయే కేబుల్ ఉంటదంట, అదీ లేదంట. టికెట్ క్యాన్సిల్ చేసేశా. మా ఐఎస్పీ వాళ్ళని అడిగితే వాయిస్ అనుమతి ఉన్న ఒక ఆపరేటర్‌తో మాట్లాడి ఓఎన్టీ జాక్ మీదే ఇద్దాం, ముందు యాభై కనెక్షన్లతో చూద్దాం అన్నారు. లాడ్జి ఆయనకి మాత్రం పాత ఈపీఏబీఎక్స్ ఉంది, దానికి సింగిల్ ఈ1ది ఒకటి చూస్తా. పొగతోటన్నా మోడల్ పేరు మెసేజ్ చెయ్యి.

పొగతోట ఐటీ:

చేస్తా అన్నా. సార్, ఇంటర్నల్ అనే ఉంది! లైన్‌కి మార్చా. ముందు స్లిప్ కౌంటర్ వేలల్లో ఉండింది, సున్నా చేసి గంటసేపు చూశా, కదల్లా. ఇప్పుడే మూడు పేజీలు ఫ్యాక్స్ పంపా, మూడూ పోయాయి. అవతల వాళ్ళు ఫోన్ చేసి మీరు ఇంకా ఫ్యాక్సులు పంపుతున్నారా అని నవ్వారు.